బాగోగుల విభాగంలో ఒక ఖాళీ

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టడం కథలు చెప్పేవాళ్ళ అలవాటు. మా అడవి నిజానికి అంత పెద్దదేమీ కాదు. అందులో మేము వేసుకున్న కమిటీలు మాత్రం చాలా పెద్దవి. ఆ లెక్కన పెద్ద అడవే అనుకోండి.

ఆ అడవి నడుమ ఒక విద్యాపీఠం ఉంది. చుట్టుపక్కల కొండల నుంచి, లోయల నుంచి జంతువులు తమ పిల్లల్ని తెచ్చి అక్కడ చేర్పిస్తాయి. దాక్కోవడం, వాసన పట్టడం, చెట్టెక్కడం, చెట్టు మీంచి పడ్డాక ఏమీ జరగనట్టు లేచి నడవడం, అన్నీ నేర్పిస్తాం. పిల్లలు వసతి గుహల్లో ఉంటారు. మొదటి నెలంతా అమ్మ కావాలని ఏడుస్తారు. ఒకరి గడ్డి ఒకరు తింటారు, అప్పుడప్పుడు ఒకరినొకరు తినబోతారు కూడా. వాళ్ళ కళ్ళు తుడిచి, తగవులు తీర్చి, వేళకు పడుకోబెట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. అందుకోసం పెట్టిందే బాగోగుల విభాగం.

పై చదువులకు వచ్చేవాళ్ళలోంచి ఏటా ఒకరిని ఈ విభాగానికి సహాయకుడిగా ఎంచుకుంటాం. ఎంపికైనవాడికి చదువు, తిండి, గుహ అన్నీ ఉచితం. కానివాడికి చదువే లేదు, వచ్చిన దారినే ఇంటికి పోవాలి. అందుకే ఉద్యోగం ఎంత చిన్నదో పోటీ అంత పెద్దది.

ఎంపిక కమిటీలో ముగ్గురం. అధ్యక్షుడు భల్లూకాచార్యులు అనే ఎలుగుబంటి. కౌగిలించుకోకుండా ఆయన ఎవరితోనూ మాట్లాడలేడు, ఆయన కౌగిలించుకున్నాక ఎవరూ మాట్లాడలేరు. రెండో సభ్యురాలు ధవళాంగి అనే కొంగ. మా దగ్గర ఆత్మపరిశీలన బోధిస్తుంది. ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని తనను తాను పరిశీలించుకుంటుంది, మధ్యలో చేప కనబడితే దాన్ని కూడా పరిశీలిస్తుంది.

మూడోవాణ్ణి నేను, ఉడుముని. పిల్లల బాగోగుల గురించి నాకు తెలిసింది బహు తక్కువ. నాకున్న అర్హతల్లా పట్టు. ఎప్పుడో ఒకసారి ఈ కమిటీ రాయి మీద కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఆ తర్వాత నన్ను లెమ్మన్నవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, నేను మాత్రం ఉన్నాను.

ఇంటర్వ్యూ అనే మాట మేము వాడం. పిల్లలు బెదురుతారని దానికి 'ముచ్చట్లు' అని పేరు పెట్టాం. మూడు రోజులపాటు వచ్చినవాళ్ళు మాతోనే తింటారు, తిరుగుతారు, పడుకుంటారు. పరీక్ష ఏమీ ఉండదని మొదటిరోజే చెబుతాం. చెప్పి, వాళ్ళు తింటున్నా తిరుగుతున్నా గుర్రు పెడుతున్నా ఒక కన్నేసి ఉంచుతాం. మేము చూస్తున్నామని వాళ్ళకు తెలుసు. వాళ్ళకు తెలుసని మాకూ తెలుసు. అయినా ఎవరికీ ఏమీ తెలియనట్టు మూడు రోజులూ అందరం నవ్వుతూనే ఉండాలి. చివరికి నా దవడలు పట్టేస్తాయి.

ఈసారి వడపోతలన్నీ అయ్యాక ముగ్గురు మిగిలారు. మొదటివాడు పరిమళరావు అనే పునుగుపిల్లి. వరసగా మూడో ఏడు వస్తున్నాడు, మా ముచ్చట్లు మాకంటే బాగా తెలుసు. రెండో ఆమె మంజులవాణి అనే గోరింక. మూడోవాడు ఎర్రగుట్ట నుంచి వచ్చిన శూలపాణి అనే ఏదుపంది. ఒంటినిండా ముళ్ళు, మొహంలో బెదురు.

"ఈ విభాగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నావమ్మా?" అని భల్లూకాచార్యులు గోరింకను అడిగాడు.

"ప్రతి పిల్లా ఒక ప్రపంచం సార్. ఆ ప్రపంచానికి నేనొక కిటికీ కావాలని నా ఆకాంక్ష" అంది మంజులవాణి గుక్క తిప్పుకోకుండా.

ఆ మాట మా విద్యాపీఠం ద్వారం మీద చెక్కి ఉంది. చెక్కించింది మేమే. అయినా ఆమె నోట వినేసరికి, అబ్బ, ఎంత లోతైన ఆలోచన అనిపించింది.

"నువ్వు బాబూ?" అన్నాడు శూలపాణిని.

"మా గుట్టలో ఇంతవరకు చదువుకున్నోళ్ళు లేరు సామీ. నేను నేర్చుకొనిపోయి చిన్నోళ్ళకు నేర్పల్లని మా యమ్మ ఆశ. ఇంటికాడ పిల్లోళ్ళను ఆడించేది నేనే. ఈడ కూడా ఆడిస్తా."

ధవళాంగి ఒక కన్ను తెరిచింది. "దృక్పథం?"

"అంటే ఏంది మేడమ్?"

ధవళాంగి ఆ కన్ను మూసేసింది. మా దగ్గర దానికి మంచి అర్థం లేదు.

ఆ రోజు విందులో ఇప్పపూలు, తేనె, పనసతొనలు పెట్టించాం. రెండేళ్ళ కిందట ఒక కుందేలు అందరికంటే ముందు తిన్నదని, అందులో సేవాభావం లేదని కొట్టేశాం. ఆ సంగతి అడవంతా పాకింది. అందుకని ఈసారి ఎవరూ ముట్టుకోలేదు.

"ముందు మీరు కానివ్వండి" అన్నాడు పరిమళరావు.

"అయ్యో, మీరు పెద్దవారు, ముందు మీరు" అంది మంజులవాణి.

"అతిథులు ముందు" అన్నాడు భల్లూకాచార్యులు.

"గురువులు తినకుండా మేమెలా తింటాం సార్?" అన్నాడు పరిమళరావు, తొనల ఆకుని ఆయన వైపు జరుపుతూ. ఆయన దాన్ని ధవళాంగి వైపు జరిపాడు. ఆమె నా వైపు జరిపింది. నేను తిందామనే అనుకున్నాను, కానీ అందరూ నన్నే చూస్తుంటే శూలపాణి వైపు జరిపాను.

శూలపాణి రెండు రోజులు నడిచి వచ్చాడు. చెయ్యి చాచి, మా అందరి మొహాలూ చూసి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆ ఆకు అలా తిరిగీ తిరిగీ చివరికి చీమల పాలైంది. చీమలు ఎవరినీ అడగలేదు. అందరం సేవాభావంతో, కడుపులో పేగులు అరుస్తుండగా పడుకున్నాం.

మర్నాడు ఇంకొక చోద్యం, తర్వాత పిల్లలు చెబితే తెలిసింది. గుహల ముందు ఒక దుప్పిపిల్ల అటూ ఇటూ కంగారుగా తిరుగుతోంది. అది కమిటీ పెట్టిన పరీక్షేనని పరిమళరావు కనిపెట్టాడు. పరుగున వెళ్ళి, "నీ బాధ నాకు చెప్పు తల్లీ, నేను వింటాను" అన్నాడు. మంజులవాణి దాని వీపు మీద వాలి, "ఏడుపు వస్తే ఏడ్చెయ్. ఏడవడం బలహీనత కాదు" అంది. అది ఏదో చెప్పబోతే, "తొందర లేదు, నీకు వీలైనప్పుడే చెప్పు" అని ఇద్దరూ దారికి అడ్డంగా కూర్చున్నారు.

శూలపాణి దూరం నుంచి చూసి, "పొద వెనక్కు పోనీండి దాన్ని, పాపం ఆపుకోలేకుండాది" అన్నాడు. దుప్పిపిల్ల ఒక్క దూకు దూకి పొద వెనక్కి పోయింది.

వాణ్ణి ఎంచుకోవడానికి ఆ ఒక్కటీ చాలు. కానీ ఆ సమయంలో మేము ముగ్గురం పిల్లల అవసరాలను గుర్తించడం ఎలా అన్న చర్చలో మునిగి ఉన్నాం.

ఆ తర్వాత ప్రశ్నలు. "నీలో ఉన్న లోపం ఏమిటి?" అని అడిగాం.

"ఎదుటివారి కోసం నన్ను నేను మర్చిపోతాను సార్" అన్నాడు పరిమళరావు.

"నేనూ అంతే. అతిగా ప్రేమించేస్తాను" అంది మంజులవాణి.

"పగలు నిద్రొస్తాది సామీ" అన్నాడు శూలపాణి.

అది లోపమే. లోపం అడిగితే లోపం చెప్పినవాణ్ణి నేను చూడటం అదే మొదలు. ధవళాంగి రెండు కళ్ళూ మూసేసింది.

మధ్యాహ్నం నేను ఒక బండ మీద ఎండకు పడుకున్నాను. బండ కింద నీడలో పరిమళరావు, శూలపాణి మాట్లాడుకుంటున్నారు.

"తమ్ముడూ, నీకు రాదు. నా మాట విని ఇప్పుడే బయలుదేరితే చీకటి పడేలోపు కొంత దూరమైనా పోతావు" అన్నాడు పరిమళరావు.

"రాకపోతే మా యమ్మకు మొహం ఎట్ల చూపించేదన్నా? గుట్టంతా చెప్పుకొని ఉండాది."

"ప్రశ్నలు, విందులు అంతా పైపై మెరుగులే. సాయంత్రం గుండె విప్పే సభ ఉంటుంది. అందరూ గుండ్రంగా కూర్చుని తమ జీవితంలోని కష్టం చెప్పాలి. ఎవరి కష్టానికి ఆచార్యులవారు బాగా ఏడిస్తే ఉద్యోగం వాడిది. నీకు కష్టాలేం ఉన్నాయి?"

శూలపాణి చాలాసేపు ఆలోచించాడు. "ఒకసారి ముల్లు ఇరిగింది."

"కష్టం లేకుండా ఎలా తమ్ముడూ? ఇక్కడికి ఒట్టి చేతులతో ఎవరైనా వస్తారా?"

నేను బండ మీద కళ్ళు మూసుకుని అంతా విన్నాను. ఇందులో నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. ఈ సభలో ఇన్నేళ్ళుగా విన్నవన్నీ లెక్క వేస్తే మా అడవిలో ఒక్క తల్లి కూడా మిగిలి ఉండకూడదు. ఆ పాపమంతా ఒకే చిరుతపులి మీద పడింది. అది ఒకసారి మా ద్వారం దగ్గరికి వచ్చి, తనకు పళ్ళు ఊడి చాలాకాలమైందని, తుమ్మెదల్ని పట్టుకుని బతుకుతున్నానని మొరపెట్టుకుంది. ఆ మొరను పరిశీలించడానికి కూడా ఒక కమిటీ వేశాం.

పొద్దు వాలుతుండగా గుండె విప్పే సభ మొదలైంది. గుహల్లోని పిల్లలంతా చుట్టూ చేరారు. మంజులవాణి తాను గూట్లోంచి జారిపడిన కథ చెప్పింది. బాగానే చెప్పింది, కానీ ఆచార్యులవారు ముక్కు ఎగపీల్చారంతే. పరిమళరావు తన తండ్రి వేటగాళ్ళ బోనులో పడిన కథ చెప్పాడు. అది పోయినేడు తాత కథ. ఆచార్యులవారికి ఒక కన్ను చెమ్మగిల్లింది.

శూలపాణి వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"మా యమ్మ దుంపలు తవ్వుతాది సామీ. చేదుగుండే కొస తాను కొరికి తిని, నడిమి ముక్క నాకు పెడ్తాది. చీకట్లో నేను తప్పిపోతానని తోకముళ్ళు గలగలలాడించుకుంటా ముందు నడుస్తాది. ఆ సప్పుడు యెనకాల్నే నేను పోతా ఉంటి. ఒకసారి నాకు జరమొస్తే..."

ఆగిపోయాడు. పరిమళరావు వైపు ఒకసారి చూశాడు.

"ఒకనాడు చిరుత వచ్చింది సామీ. మళ్ళ ఆ సప్పుడు నాకు యినపడలే."

వాడు చెప్పినదాంట్లో అబద్ధం చిరుత ఒక్కటే. మిగతాదంతా నిజం, అందుకే వాడికి నిజంగానే ఏడుపు వచ్చింది. ఆ చప్పుడు వినపడని చీకటిని తలుచుకున్నాడు కాబోలు, వెక్కి వెక్కి ఏడ్చాడు. గుహల్లోని పిల్లలంతా అమ్మా అని గొల్లుమన్నారు. ధవళాంగి రెండో కాలు కూడా కింద పెట్టింది. ఆ కాలు నేలకు ఆనడం నేను ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం బండ కింద మాటలన్నీ విన్న నేను కూడా ఏడ్చాను. దానికి సిగ్గుపడాలని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం హాయిగా ఉంది.

మొదటిరోజు వాడు "మా యమ్మ ఆశ" అన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. శ్రద్ధగా వినడం ఎలా అన్న పాఠం చెప్పేది మేమే.

భల్లూకాచార్యులు గట్టిగా ఏడుస్తూ లేచి వెళ్ళి శూలపాణిని వాటేసుకున్నాడు. వాటేసుకున్నాక ఇంకా గట్టిగా ఏడ్చాడు. పొట్టలో దిగిన ముళ్ళు పీకుతుంటే, "ఒకరి బాధ నన్ను ఇంతగా ఎన్నడూ తాకలేదు" అని నాతో అన్నాడు.

మూడోరోజు పొద్దున నేను ద్వారం దగ్గర ఉన్నాను. గుట్ట దారిన ఒక ముసలి ఏదుపంది కుంటుకుంటూ వచ్చింది. నోట ఒక ఆకుల మూట. దాన్ని కింద పెట్టి నాకు దణ్ణం పెట్టింది.

"సామీ, శూలపాణి అని మా పిల్లోడు ఈడికొచ్చినాడు. నేను వాని అమ్మను. తిండి మర్సిపోయి వచ్చినాడు, దుంపలు తెచ్చినా. తింటా ఉండాడా సామీ వాడు?"

ఆమె నడుస్తుంటే తోక దగ్గర గలగల చప్పుడైంది. ఇప్పుడు ఏం చెయ్యాలి? వెనక్కి పంపితే రెండు రోజుల దారి నడిచి వచ్చిన తల్లి. లోపలికి పంపితే అంతా గల్లంతు. ఇలాంటి సమయాల్లో నేనెప్పుడూ చేసేదే చేశాను. ఏమీ చెయ్యలేదు. కొంచెం పక్కకు జరిగాను, ఆమె లోపలికి పోయింది.

లోపల వాగు ఒడ్డున ఎంపిక ప్రకటన జరుగుతోంది. భల్లూకాచార్యులు పొట్టకు ఆకుపసరు రాసుకుని నిలబడి ఉన్నాడు.

"తల్లిని చిరుతపులికి పోగొట్టుకుని కూడా, ఇందరు పిల్లలకు తల్లి కావాలని వచ్చిన ఈ శూలపాణినే మేము ఎంచుకున్నాం!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. గుంపు చివర నిలబడ్డ ఆ ముసలామె కొట్టలేదు. నోట్లోంచి మూట జారింది. తన ఒంటిని ఒకసారి చూసుకుంది.

పరిమళరావు ఆమెను చూశాడు. ఉద్యోగం పోయిన బాధలో ఉన్నవాడి చూపు చాలా చురుగ్గా ఉంటుంది. "శూలపాణీ, వీరెవరు? అచ్చం నీ పోలికే" అన్నాడు అందరికీ వినబడేలా.

శూలపాణి తల తిప్పాడు. ముళ్ళన్నీ ఒకేసారి లేచి, ఒకేసారి వాలిపోయాయి.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు భల్లూకాచార్యులు.

ఆమె కొడుకును చూసింది. కొడుకు నేలను చూశాడు. అంతా ఆమెకు అర్థమైపోయింది. తల్లులకు ఇంత తొందరగా ఎలా అర్థమవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. మేమైతే దానికి కనీసం రెండు సమావేశాలు పెట్టుకుంటాం.

"నేనా సామీ? వాని చిన్నమ్మను. మా యక్క పోయినాంక నేనే సాకినా" అంది.

పరిమళరావు మొహం వాడిపోయింది. భల్లూకాచార్యులు మాత్రం ఉప్పొంగిపోయాడు. "మీ అక్క పోయేటప్పుడు బాధపడిందా తల్లీ?" అని అడిగాడు.

"అప్పుడు తెలిసుండదులే సామీ" అంది ఆమె. "ఇప్పుడు యాడుందో గానీ, పిల్లోనికి చదువొచ్చిందని సంతోషపడ్తా ఉంటాది."

కథ అక్కడితో ఆగినా బాగుండేది. శూలపాణికి చదువు దక్కేది, ఆమె చిన్నమ్మగా వచ్చిపోతూ ఉండేది, మేము దర్జాగా ఉండేవాళ్ళం. కానీ మా విద్యాపీఠంలో ఒక ఆచారం ఉంది. ఎంపికైనవాళ్ళు అప్పటికప్పుడే తమను కన్నవాళ్ళకు కృతజ్ఞత చెప్పుకోవాలి. బతికున్నవాళ్ళ కాళ్ళకు మొక్కాలి, పోయినవాళ్ళకు వాగులో నిలబడి మూడు దోసిళ్ళ తర్పణం వదలాలి.

"రా నాయనా, నీళ్ళలోకి దిగు" అన్నాడు ఆచార్యులు. "చిన్నమ్మగారూ, మీరు పక్కన నిలబడండి. మీ అక్కగారి పేరేమిటి?"

"ముత్యాలమ్మ" అంది. అది ఆమె పేరేనని చెప్పనక్కర్లేదు.

శూలపాణి వాగులో దిగాడు. దోసిలి పట్టాడు. ఆ దోసిట్లో చేతులారా నీళ్ళు పోసింది ఆమే. పోసి, వాడికి మాత్రమే వినబడేలా, "వదులు నాయనా, ఏం కాదు" అంది. గట్టున దగ్గరగా ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది.

"ముత్యాలమ్మ నామధేయాం..." అని భల్లూకాచార్యులు అందుకున్నాడు.

వాడి చేతులు వణికాయి. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోబోయాయి. ఒక్క బొట్టు కూడా కింద పడకుండా వాడు చేతులు గుండెకు హత్తుకున్నాడు. ఒళ్ళంతా తడిసింది.

"నా చేత కాదు! అబద్ధం చెప్పినా సామీ! మా యమ్మ సావలే! ఈమే మా యమ్మ!"

వెంటనే మేము ముగ్గురం పొద వెనక అత్యవసరంగా సమావేశమయ్యాం.

"ఇప్పుడెలా? అడవి అడవంతా చూస్తుండగా ఏడ్చాం. ఏడ్చిన ఏడుపు వెనక్కి ఎట్లా తీసుకుంటాం?" అన్నాడు భల్లూకాచార్యులు, పొట్ట తడుముకుంటూ.

"పరిశీలించి చూస్తే కుర్రవాడి తప్పేమీ లేదు" అంది ధవళాంగి. "ఎడబాటు ముదిరితే ఇలాంటి భ్రమలు వస్తాయి. చిన్నమ్మలో తల్లి కనబడుతోంది వాడికి. పాఠంలో ఉంది."

"ఏ పాఠంలో?"

"నేను చెప్పబోయే పాఠంలో."

ఆచార్యులవారి మొహం తేటపడింది. నా వైపు తిరిగారు. "మీరేమంటారు? ద్వారం దగ్గర మీరే కదా ఉన్నది. ఆమె మీతో ఏమైనా అన్నదా?"

అప్పుడు నేను ఒక్క మాట చెబితే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట చెబితే, తెలిసి ఎందుకు ఊరుకున్నావు అని అడుగుతారు. అడిగితే కమిటీ రాయి దిగాలి. నా గోళ్ళు వాటంతట అవే నేలను గట్టిగా పట్టుకున్నాయి.

"దారి అడిగింది" అన్నాను.

కమిటీ ఏకగ్రీవంగా బయటికి వచ్చింది. భల్లూకాచార్యులు గొంతు సవరించుకుని, చాలా ప్రేమగా చెప్పాడు. "నాయనా శూలపాణీ, నీ వేదన మాకు అర్థమైంది. నువ్వు అబద్ధం చెప్పలేదు. నీ తల్లి నిజంగానే పోయింది. కమిటీ అన్నీ పరిశీలించి ధ్రువపరిచింది. ఉద్యోగం నీదే. తర్పణం వదిలి, వచ్చి చేరు."

"సామీ, నేను బతికుండానే!" అంది ముత్యాలమ్మ. అంతదాకా చిన్నమ్మగా ఉండటానికి ఒప్పుకున్నామె కూడా ఆ మాటకు బిత్తరపోయింది.

"మీ అక్కగారి మీద మీకున్న ప్రేమ అలా అనిపిస్తుంది తల్లీ" అంది ధవళాంగి ఓదార్పుగా.

ముత్యాలమ్మ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. నన్ను కొంచెం ఎక్కువసేపు చూసింది. నేను ఆకాశంలో మబ్బులు చూశాను. మమ్మల్ని వదిలేసి ఆమె కొడుకు వైపు తిరిగింది.

"పోనీలే నాయనా, మూడు దోసిళ్ళ నీళ్ళే కదా. వదిలితే నాకేమైతాది? నీ చదువు నిలబడ్తాది. నేను చిన్నమ్మలెక్కనే వచ్చిపోతా."

"ఆడ గుహల్లో పిల్లోళ్ళు అమ్మ కావాలని ఏడుస్తా ఉండారే అమ్మా" అన్నాడు శూలపాణి. "వాళ్ళకు నేనేమని చెప్పేది? మీ యమ్మలు ఇంటికాడ బాగుండారు, ఏడ్వాకండని చెప్పల్ల కదా. నీకు నీళ్ళొదిలి, ఆ మాట నా నోట్లో నుంచి ఎట్లొస్తాది?"

బాగోగుల విభాగం పుట్టినప్పటి నుంచి ఆ ఉద్యోగం గురించి అంత సరైన మాట ఎవరూ అనలేదు. ఆ మాట అన్నవాడు అప్పటికే నీళ్ళలోంచి బయటికి వచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని, ద్వారం వైపు నడుస్తున్నాడు.

"దృక్పథం ఉన్న కుర్రవాడే" అని గొణిగింది ధవళాంగి.

వాళ్ళు నా పక్కనుంచే పోయారు. ఆమె వాణ్ణి తిడుతోంది. "సంపేదానికి నేనే దొరికినానారా నీకు? కాలు ఇరిగిందని చెప్తే సరిపోయేది కదరా, ఎట్లా కుంటుతానే ఉండా!" వాడు ఏడుస్తూ నవ్వాడు. ఆమె వాడి నెత్తిన ఒకటి మొట్టి, వేలికి ముల్లు గుచ్చుకుని, ఆ వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ తిట్టింది. వాడి చదువు అలా పోయింది. గుట్టంతా చెప్పుకున్న ఆమె ఆశా పోయింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, కానీ నా బాధ ఎవరికి పనికొచ్చింది?

ఉద్యోగం పరిమళరావుకి ఇచ్చాం. వాడు తన తండ్రికి తర్పణం వదిలాడు, చెయ్యి వణకలేదు. వాడి తండ్రి పక్క వాగులో చేపలు పట్టుకుంటున్నాడని తర్వాత విన్నాం, వినలేదనుకున్నాం.

అయితే ముత్యాలమ్మ తర్పణం మిగిలిపోయింది. అన్నీ సిద్ధం చేశాక వదలకపోతే అరిష్టమని భల్లూకాచార్యులు తానే వాగులోకి దిగాడు. ఒక్కో దోసిలికీ కళ్ళు తుడుచుకుంటూ మూడు దోసిళ్ళూ వదిలాడు. పక్కన నిలబడి ధవళాంగి, నేను తలలు వంచుకున్నాం. అప్పటికి ఆ తల్లీకొడుకులు దూరంగా గుట్ట దారిలో ఇంకా కనబడుతూనే ఉన్నారు. మాకు అటు వీపు తిప్పి నిలబడటమే వీలుగా ఉంది.

ఆమె వదిలి వెళ్ళిన మూటను, పోయినావిడ పేరు మీద ప్రసాదంగా అందరం పంచుకున్నాం. ఆరోజు ఎవరూ 'ముందు మీరు' అనలేదు. దుంపల మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. చేదు కొసలన్నీ ముందే ఎవరో కొరికి తీసేసి ఉన్నాయి. చాలా రుచిగా ఉన్నాయి, నేను రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాను.

నీతి: తల్లి బతికి ఉంటే చాలదు, కమిటీ కూడా ఒప్పుకోవాలి.